రెండు చేతులు పడిన చక్రం

తెల్లవారగానే వెంకటపతి చేసిన మొదటి పని, కూతురి స్టాండును ఇంటి ముందరి సైకిలు చక్రాల కొట్టులోంచి తెచ్చి వంటింటి గుమ్మం పక్కన పెట్టడం. కూతుర్ని గెంటేసే మనిషి కాదాయన. అందుకని ఆమె పనిముట్టును గెంటేశాడు.

సైకిలు చక్రాన్ని నిలబెట్టి, తిప్పి చూసి, బెండు తీసే ఇనుప స్టాండు అది. బరువు తక్కువేమీ కాదు. అరవై దాటిన మనిషి దాన్ని పొట్టకు ఆనించుకుని మోసుకొస్తూ రొప్పాడు. సాయం పట్టడానికి శ్రీప్రియ లేచింది గాని, తండ్రి మొహం చూసి మళ్ళీ కూర్చుంది.

కోకిల పొయ్యి దగ్గర నుంచి కదలకుండా అడిగింది. "ఇది ఈడ ఏంటికి?"

"నీ కూతుర్ని అడుగు."

"నేనొక్కదాన్నే కన్న మాదిరి మాట్లాడొద్దు."

"కొట్టులో ఇంక దానికి పని లేదు. ఆ మాట దానికి చెప్పేసెయ్."

శ్రీప్రియ చేతికందే దూరంలోనే ఉంది. నిన్న సాయంత్రం నుంచి వెంకటపతి ఆమెతో నేరుగా ఒక్క మాటా అనలేదు. చెప్పదలచుకున్నదంతా భార్య మీదుగా పంపిస్తున్నాడు. కోకిల మొదట్లో శ్రద్ధగానే మాటలు మోసింది. రాత్రి అన్నాల వేళకు విసుగు పుట్టి ఆ పోస్టాఫీసు మూసేసింది.

"అదే కదా ఎదురుగా కూర్చోని ఉండాది. నువ్వే చెప్పుకో," అంది.

వెంకటపతి చెప్పుకోలేదు. కండువాతో మెడ తుడుచుకుని నిలబడ్డాడు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. చక్రానికి ఒకే చెయ్యి పడాలి. వెంకటపతి తండ్రి ఈ అరవ పట్నంలో, చూలై పేటలో ఈ కొట్టు పెట్టిన నాటి నుంచీ ఉన్నదది. మొదటి స్పోకు ఎవరు దూరిస్తే ఆఖరి బిగింపూ వాళ్ళే బిగించాలి. మధ్యలో ఇంకొకరు స్పోకు బిగించే కీ పెట్టకూడదు. వేరే చోట కట్టిన చక్రానికి బెండు తీయమని ఎవరైనా తెస్తే, మొత్తం విప్పి కొత్తగా కడతానంటాడు వెంకటపతి, కుదరదంటే తీసుకుపొమ్మంటాడు. ఒక్కో చేతికి ఒక్కో లాగుడు ఉంటుందని ఆయన నమ్మకం. రెండు లాగుళ్ళు కలిసిన చక్రం రోడ్డు మీద చెడిపోతే, తప్పెవరిదని అడగడానికి మనిషి కూడా దొరకడు.

శ్రీప్రియ ఆ కట్టుబాటు తప్పింది. ఆయన కట్టి పెట్టిన వెనక చక్రాన్ని, ఆయన బయటికి పోయిన వేళ చూసి మళ్ళీ బిగించింది. పని అయిపోయాక ఆయన ఒక్కో స్పోకు చివర అవిసె నూనె చుక్క వేస్తాడు. అది ఎండి పొర కట్టి మరను కదలనివ్వదు. నిన్న చూస్తే ఆ పొర సగం చక్రం చుట్టూ చిట్లి ఉంది. కీ పెట్టిన జాడ కనిపెట్టడానికి ఆయనకు కళ్ళద్దాలు కూడా అక్కర్లేకపోయింది.

ఎందుకు చేశావని అడిగాడు. కూతురు కారణం చెప్పలేదు. ఆమెతో ఆయన మాటలు అక్కడితో ఆగాయి. ఆయన సాయంత్రమంతా కూర్చుని ఆ చక్రాన్ని పూర్తిగా విప్పేసి, మొదటి స్పోకు నుంచి తన చేత్తో మళ్ళీ కట్టాడు. కడుతున్నంత సేపూ తలుపు మూసే ఉంచాడు.

"నా తరువాత ఆ కొట్టులో అదే కూర్చుంటాదని అనుకుంటిని," అన్నాడు ఇప్పుడు, గోడకు చెప్పినట్టు. "ఊరంతా అనింది, ఆడబిడ్డకు ఈ ఇనప పని ఏంటికని. ఎవురి మాటా వినలే. నేర్పించినా. అది నా పనిని దొంగతనంగా దిద్దతా ఉండాది."

"దిద్దిందంటే ఏందో తప్పు కనపడిండాలి కదా," అంది కోకిల.

"ఏం తప్పు? తిప్పి చూడమను. నూలుపోగంత ఊగితే ఇంక నేను కీ పట్టను."

"ఊగదు," అంది శ్రీప్రియ. తండ్రి వైపు చూడలేదు. "ఊగదని నాకూ తెలుసు. చెప్పుమా ఆయనకి."

"ఊగదని దానికీ తెలుసంట," అంది కోకిల, మూసేసిన పోస్టాఫీసు తెరిచి.

"తెలిసి ఏంటికి ముట్టుకునిందంట?"

శ్రీప్రియ ఉప్మా పళ్ళెం ఆయన వైపు జరిపింది. వెంకటపతి దానివైపు కన్నెత్తకుండా ముందరి కొట్టులోకి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఉప్మాను కాదని ఆయన వెళ్ళడం కోకిల కాపురానికొచ్చాక ఇదే మొదలు.

ఆమె పళ్ళెం మీద మూత పెట్టింది. చేతిగుడ్డను కూతురి స్టాండు మీద ఆరేసింది. దానికీ ఏదో ఒక ఉద్యోగం ఉండాలి కదా.

"ఇప్పుడైనా చెప్పవే. ఏంటికి చేసినావు?"

"సుమ్మా ఇరుమా."

"ఊరికే ఉండమంటావా? నాకాడ అరవం మాట్లాడి తప్పించుకోవద్దు."

శ్రీప్రియ ముందరి కొట్టులోకి తొంగి చూసింది. తండ్రి ఆ జతలోని ముందు చక్రం ఉన్న డబ్బా విప్పుతున్నాడు. ఆమె వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"నాయనకి వినపడటం లేదు."

కోకిల పొయ్యి తగ్గించింది.

"స్పోకుని గోటితో మీటి, ఆ మోత విని బిగిస్తాడు కదా. ఒక పక్క ఉండే కంబీలన్నీ ఒకే మాదిరి మోగితే బిగువు సమానం. అట్లా కట్టిన చక్రం ఏండ్లు వస్తాది. ఇప్పుడు ఆ మోతలో తేడా ఆయనకి తెలీడం లేదు. ఒకటి గట్టిగా, పక్కది లూజుగా ఉండిపోతా ఉండాది."

"ఊగదంటివి గదా."

"ఊగదు. ఒకటి ఈ పక్కకి లాగితే ఇంకోటి ఆ పక్కకి లాగి సరిచేస్తాది. తిప్పి చూస్తే నేరుగానే కనపడతాది. మనిషెక్కి రోడ్డు మీద పోయినాక, లూజుగా ఉండే కంబి ఆడి ఆడి తెగుతాది. అప్పురం దాని పక్కదీ తెగుతాది."

"ఎప్పట్నించి ఇట్లా?"

"నేను చూసి ఏడాది అయింది. బిగువు కొలిచే మీటరు ఒకటి కొన్నా. ఆయన చూస్తే చెవుల్లేనోళ్ళకి అది అంటాడని నా బట్టల్లో పెట్టినా. అప్పట్నించీ ఆయన కట్టిన చక్రాలన్నీ, ఆయన నూనె వేసేలోపే నేను చూసి పంపిస్తా ఉండా. ఈ ఒక్కదానికే ఆలస్యమైంది. ఒక్కటీ వెనక్కి రాలేదు మా."

చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో గర్వం దాగలేదు. అది తనకే తెలిసి తల వంచుకుంది.

కోకిల పీట లాక్కుని కూర్చుంది. "కుక్కరు విజిల్ వినపడతాది. మనం మాట్లాడేది వినపడతాది. కొళాయి సన్నంగా కారేది వినపడదు, ఫోను మోగేది వినపడదు. నాకు ఎప్పుడో తెలుసు."

"మరి నాతో చెప్పలేదే?"

"నువ్వు నాతో చెప్పినావా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడాదిగా ఒకే వంటింట్లో ఒకే సంగతిని చెరో మూల దాచుకుని తిరిగారు.

"డాక్టరు కాడికి పోదాం రమ్మంటిని," అంది కోకిల. "చెవిలో దుమ్ము పడింది, అంతే అన్నాడు. గుడ్డ కొన మెలిపెట్టి తుడుచుకున్నాడు. నేను వదిలేసినా. ఆ మనిషి చెవితో బతికినాడే. మనం తిన్నదంతా ఆ చెవి మీదనే."

"అందుకే మా నేనూ చెప్పలేదు. కాని నిన్న ఆయన మళ్ళీ కట్టిన చక్రం, నా చెయ్యి పడకుండానే ఈ రోజు పోతాది. దాన్ని కట్టమని చెప్పిన సార్ ఇప్పుడొస్తాడు. రేపు దీన్నేసుకోని ఏలగిరి కొండ ఎక్కుతాడంట. దిగేటప్పుడు తెగితే?"

కోకిల చాలాసేపు ఆలోచించలేదు. ఆమెకు ఆలోచన ఎక్కువైతే తలనొప్పి వస్తుంది.

"చెప్పాల్సిందే. కొండ మీద పడేదీ ఒకమ్మ బిడ్డే కదా. పో, ఇప్పుడే పోయి నేరుగా చెప్పేసెయ్. తిడితే తిట్టనీ. కాని ఆ పరాయి మనిషి ముందర మాత్రం వేణాం, చెప్పొద్దు. ఆయన తట్టుకోలేడు."

శ్రీప్రియ లేచింది. నడవా దాటి కొట్టు గుమ్మంలో కాలు పెట్టేసరికి, ఆ పరాయి మనిషి అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

వంశీకృష్ణది విజయవాడ. షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. మొదటిసారి వచ్చినప్పుడు వెంకటపతి అతనికి పాత సైకిలొకటి ఇచ్చి వీధి చివరిదాకా తొక్కి రమ్మన్నాడు. మనిషి ఎలా కూర్చుంటాడో, ఏ కాలు గట్టిగా తొక్కుతాడో చూడకుండా ఆయన చక్రం కట్టడు. చొక్కా కొలతలిద్దామని వచ్చినవాణ్ణి దర్జీ డాన్సు చేయమన్నట్టుందని అప్పుడతను నవ్వాడు. నవ్వినా తొక్కాడు.

"రామ్మా, సార్‌కి టీ చెప్పు," అన్నాడు వెంకటపతి ఎవరితోనో అన్నట్టు. బయటి మనిషి ఎదుట ఇంటి గొడవ కనపడనివ్వడం ఆయనకు పడదు.

కోకిల వెనకే టీ తెచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది.

"మా ఆవిడ పురసవాక్కం బట్టల కొట్ల దగ్గర దిగిపోయిందండి," అన్నాడు వంశీకృష్ణ గ్లాసు అందుకుంటూ. "సైకిలు చక్రాలకి ఇంత పెట్టేవాణ్ణి నిన్నే చూశానంటోంది. నేనివి తీసుకుని వెళ్ళేలోపు తనూ అంతకంత చీరలు కొంటుందట."

వెంకటపతి నవ్వాడు. "రెడీ చక్రాలు తీసుకోనుంటే ఈ చీర ఖర్చు తప్పేది కదా సార్."

"అవి వాడే కదండీ ఇక్కడికొచ్చింది. రెండు మూడు నెలలకోసారి ఏదో ఒక చువ్వ పోతుంది. ఆదివారం పొద్దున్నే మహాబలిపురం రోడ్డు మీద చక్రం వంకర పోయి, సైకిలు భుజాన వేసుకుని నడిచాను. మా ఫ్రెండు రాహుల్ చక్రాలు చూడండి. పోయిన ఏడాది మీరు కట్టినవే. వాడు గోతులు చూసి మరీ దింపుతాడు. ఒక్కసారన్నా బెండు తీయించలేదు. వాడు చెబితేనే నేను వచ్చాను."

"మిషన్‌లో కట్టేది చెడ్డదని చెప్పను సార్," అన్నాడు వెంకటపతి. "అది అన్ని కంబీలకీ ఒకే లెక్క తిప్పి వదిలేస్తాది. రిమ్ము అంతా ఒకే మాదిరి ఉండదే. అతుకు కాడ ఒక మాదిరి, ఎదురుగా ఒక మాదిరి. ఒక్కొక్క కంబిని అడగాల, నీకు సరిపోయిందా అని. అది చెప్పేదాకా మనం ఆగాల."

ఆ మాట అంటూ కూతురి వైపు చూశాడు. చూశావా, నా పని ఎలాంటిదో ఊరు చెబుతోంది అన్నట్టుంది ఆ చూపు.

రాహుల్ చక్రాలు శ్రీప్రియకు బాగా గుర్తున్నాయి. మీటరు కొన్నాక ఆమె మొదట దిద్దినవి అవే. వాటి మెచ్చుకోలు తన ఎదుటే తండ్రికి అందుతుంటే ఆమెకు సంతోషమూ కలిగింది, అక్కసూ పుట్టింది. రెంటిలో ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

వెంకటపతి వెనక చక్రం ఎత్తి వంశీకృష్ణ చేతికి ఇవ్వబోయాడు.

"సార్, ఆ చక్రం ఈ రోజు ఇయ్యలేం," అంది శ్రీప్రియ.

వెంకటపతి చెయ్యి ఆగింది. "ఏంటికి?"

నిన్నటి నుంచీ ఆయన ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. గుమ్మంలోంచి కోకిల తల అడ్డంగా ఊపింది. ఇక్కడ కాదు, ఇప్పుడు కాదు. శ్రీప్రియకూ అదే అనిపించింది. నోటికొచ్చిన అబద్ధం ఆడింది.

"అది నేను కట్టింది సార్. సరిగా రాలేదు. మళ్ళీ కట్టి ఇస్తా."

వంశీకృష్ణ మొహం మారింది. "మీరు కట్టారా? తప్పుగా అనుకోకండి, నేను పెద్దాయన చేత్తో కట్టినవి అడిగానండి. ఇన్ని రోజులు ఆగింది కూడా అందుకే. మీకు పని రాదని కాదు. కాని రాహుల్‌కి కట్టినట్టు కావాలన్నాను."

తను ఆడిన అబద్ధానికి తగిన శాస్తే అనుకుంది శ్రీప్రియ. అయినా గుచ్చుకుంది.

ఆ అబద్ధాన్ని అలా వదిలేసి ఉంటే వెంకటపతికి పోయేదేమీ లేదు. కూతురు పనిలో ఉంది, నేర్చుకుంటోంది, రేపిస్తాం అంటే సరిపోయేది. కాని ఆయనకు అబద్ధం సాయంగా కనపడలేదు. ఇంకో దొంగతనంగా కనపడింది.

"నిన్న మొదట్నించి నేను కట్టిన చక్రం ఇది," అన్నాడు. "దీనికి నీ పేరు పెడతావు. పెట్టి, సరిగా రాలేదంటావు."

"నాయనా, సార్ పోయినాక మాట్లాడుకుందాం."

"సార్ ముందరే చెప్పు. ఏడ సరిగా రాలేదు?"

"వేణాంపా."

"చూపించమంటా ఉండానా?"

చక్రాన్ని తన స్టాండులో పెట్టాడు. వంశీకృష్ణ గ్లాసు పట్టుకుని లేవబోయి, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియక కూర్చున్నాడు. కోకిల లోపలికీ పోలేక, ముందుకీ రాలేక గుమ్మాన్నే పట్టుకుంది.

శ్రీప్రియ ముందుకొచ్చింది. రేపు కొండ దిగబోయే మనిషి ఎదురుగా ఉన్నాడు. ఇంక దాచడానికి చోటు లేదు. ఒక స్పోకును గోటితో మీటింది. అది సన్నగా, పదునుగా మోగింది. అదే పక్కన ఉన్న మరో స్పోకును మీటింది. అది కిందికి దిగి, బొంగురుగా పలికి ఆగిపోయింది.

"ఈ రెండూ," అంది.

"ఏమైంది ఈ రెంటికీ?" అన్నాడు వెంకటపతి.

ఆమె మళ్ళీ మీటింది. ఆయన ముందుకు వంగాడు. కూతురి చెయ్యి పక్కకు తోసి, తనే మీటాడు. మొదటిది, తరువాత రెండోది. చెవి రిమ్ముకు తగిలేంత దగ్గరికి వంగి మళ్ళీ మీటాడు.

"రెండూ ఒకటే మాదిరి ఉండాయి కదా," అన్నాడు.

వాదిస్తున్నట్టు అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. శ్రీప్రియకు ఆయన మీద ఏడాదిగా పేరుకున్న విసుగంతా ఆ ఒక్క మాటతో పోయి, జాలి మిగిలింది. ఆ జాలి ఆమెకు విసుగు కన్నా కష్టంగా ఉంది.

"కాదు నాయనా," అంది.

వెంకటపతి నడుము ఎత్తి నిలబడ్డాడు. ఎదుట కూర్చున్నవాళ్ళ మొహాలు చదవడం కొట్టు నడిపిన మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు. వంశీకృష్ణ గ్లాసులోకి చూస్తున్నాడు. గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది.

"సార్," అన్నాడు వెంకటపతి. "మీకు తేడా వినపడిందా?"

వంశీకృష్ణ శ్రీప్రియ వైపు చూశాడు. ఆమె ఏ సాయమూ చేయలేదు.

"నాకేం తెలుసండి. వీటి సంగతి నాకు తెలియదు."

"సంగతి అడగలేదు. వినపడిందా?"

"వినపడిందండి."

"ఏది తక్కువ?"

"రెండోది."

వెంకటపతి చక్రం మీద అరచెయ్యి పెట్టి, అది తిరగకపోయినా ఆపుతున్నట్టు పట్టుకున్నాడు. బయట వీధిలో ఎవరో ఆటోవాడితో బేరమాడుతున్నారు. ఆ మాటలన్నీ ఆయనకు వినపడుతూనే ఉన్నాయి.

"రాహుల్ సార్ చక్రం మీద కూడా నీ చెయ్యి పడిందా?" అని అడిగాడు కూతుర్ని.

"పడింది."

"ఆ తరువాత కట్టినవి?"

శ్రీప్రియ నేలకేసి చూసింది. ఆయన రెండోసారి అడగలేదు.

"నాతో ఏంటికి చెప్పలే?"

"ఎట్లా చెప్పేది నాయనా?"

ఆయన తల ఊపాడు. అది ఒప్పుకోవడమో, విన్నానని చెప్పడమో తెలియలేదు. వంశీకృష్ణ వైపు తిరిగాడు.

"సార్, మీరు మెచ్చుకున్న చక్రం నాది కాదు. దానిమీద రెండు చేతులు పడినాయి. ఈ చక్రం నాదే. ఇది మీకు పనికిరాదు."

"అలా అనకండి బాబాయిగారూ. ఏదో కొంచెం బిగిస్తే..."

"బిగించేది లేదు. ఒకరు కట్టినదాన్ని ఇంకొకరు బిగించేది ఇంక ఈడ జరగదు."

అని చక్రాన్ని స్టాండులోంచి తీసి, శ్రీప్రియ ముందు నేల మీద పెట్టాడు.

"అంతా విప్పు. ముందు చక్రం కూడా. మొదటి కంబి నుంచి నువ్వే కట్టు. సార్ సాయంత్రం వచ్చి తీసుకుపోతాడు."

ఈ మాట వినాలని శ్రీప్రియ ఎన్నేళ్ళుగా ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. ఒక చక్రం మొదటి నుంచి చివరి దాకా తనదిగా, దొంగచాటు లేకుండా ఆ కొట్టు గుమ్మం దాటి పోవాలని. ఇప్పుడా మాట వచ్చింది. సంతోషం మాత్రం రాలేదు.

వంశీకృష్ణ లేచాడు. సాయంత్రం వస్తానని అన్నాడో, చూస్తానని అన్నాడో ఎవరూ సరిగా వినలేదు. ఒకటి మాత్రం నిజం, అతను ఇంత దూరం వచ్చింది వెంకటపతి చెయ్యి కోసం. వీధిలోకి దిగి ఫోను తీశాడు. భార్యకు చేశాడో, రాహుల్‌కు చేశాడో.

శ్రీప్రియ నేల మీద కూర్చుని చక్రాన్ని ఒళ్ళోకి తీసుకుంది. తండ్రి చెప్పులు వేసుకుంటున్నాడు.

"నాయనా."

ఆయన ఆగాడు.

"సాయంత్రం ఆ సార్ అడుగుతాడు. ఎవురు కట్టినారని చెప్పి ఇయ్యాల?"

వెంకటపతి గుమ్మం దిగాడు. గోడ పక్కగా ఉన్న సైకిళ్ళను తప్పించుకుంటూ వీధి వెంట నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరగలేదు.

కోకిల గుమ్మం వదిలి ముందుకొచ్చింది. ఆయన వెళ్ళిన వైపు చూసింది.

"వినపడలేదేమోనే," అంది.

"వినపడింది మా," అంది శ్రీప్రియ.